వాస్తు కుదిరిన తొర్ర

చారలమ్మ అనే ఉడుతకు చింతచెట్టులో తాతలనాటి తొర్ర ఉండేది. అది అమ్ముడుపోతేనే మామిడితోపులో కొత్తది కొనగలదు. తను చూస్తే నిండు చూలాలు, తొలకరి చూస్తే రేపోమాపో.

మొదట గోరింకల జంట వచ్చింది. "ఎంత చల్లగా ఉందండీ!" అని మురిసిపోయి, వెంటబెట్టుకొచ్చిన వాస్తుపండితుడు బల్లిగారి వైపు చూశాయి. ఆయన కళ్లు మూసుకుని, "దక్షిణ ద్వారం. వంశనాశనం," అన్నారు.

"ఈ ద్వారం వెనకే మా వంశం ఏడు తరాలు పెరిగిందండీ!"

"అది మీ అదృష్టమమ్మా, శాస్త్రం కాదు."

ఏం చేస్తుంది? వడ్రంగిపిట్టను బతిమాలి తూర్పున వాకిలి కొట్టించింది. తర్వాత వచ్చిన చిలకమ్మకు ఉత్తరమే కలిసొస్తుందన్నారు బల్లిగారు. గుడ్లగూబకైతే పడమర తప్ప పనికిరాదన్నారు. చారలమ్మ అవీ కొట్టించింది. వాళ్లెవరూ మళ్లీ రాలేదు.

చివరికి పాలపిట్ట వచ్చింది. బల్లిగారు తొర్ర చుట్టూ తిరిగి పరవశించిపోయారు. "నాలుగు దిక్కులా శుభమే! ఇలాంటి వాస్తు నా జన్మలో చూడలేదు."

పాలపిట్ట లోపలికి తొంగిచూసింది. "వాస్తు సరే పంతులుగారూ, గోడలేవీ?"

"గోడలు నా శాఖ కాదమ్మా," అన్నారాయన.

పాలపిట్ట ఎగిరిపోయింది. ఆ సాయంత్రమే తొలకరి వచ్చి, ఏ పండితుణ్నీ అడక్కుండా, నాలుగు వాకిళ్లలోంచీ గృహప్రవేశం చేసింది.