మడ్గార్డ్ మీద సొట్ట

“ఆ సొట్ట మీద సుత్తి పడిందంటే ఊరుకోను మేస్త్రీ!”

డాక్టరమ్మ షెడ్డు గుమ్మంలోంచే అరిచింది. మేస్త్రీ ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆపాడు. కారు ముందు మడ్గార్డ్ విప్పి బల్ల మీద పెట్టుకుని, పాత రంగంతా గీకేసి ఉన్నాడు.

“ఇలాంటి కార్లు దేశం మొత్తానికీ నాలుగంటే నాలుగు. ఏడాదిన్నరగా నా పిల్లల మొహం మానేసి దీని మొహం చూశాను. చివరికి సొట్టతో పంపిస్తే నన్ను ఎవడైనా మేస్త్రీ అంటాడా?”

“అది మా నాన్న కాలు మేస్త్రీ. ఈ కారు గుద్దే ఆయన కాలు విరిగింది. గుద్దినావిడే ఆసుపత్రిలో చేర్చింది. ఆయన ఇక కూలికి వెళ్లలేడని నన్ను డాక్టర్ అయ్యేదాకా చదివించింది. ఆవిడ మొహం కూడా నాకు సరిగ్గా గుర్తులేదు. కారు దొరికితే మనిషి దొరుకుతుందని, కోళ్ల షెడ్డులో పడున్న దీన్ని కొన్నాను. కారు పుస్తకంలో ఉన్న ఐదుగురు ఓనర్ల గుమ్మాలూ ఎక్కి దిగాను. ఇవాళ ఆవిడ వస్తోంది, నాన్నా వస్తున్నాడు. ఆ సొట్ట కళ్లకద్దుకోవాలి మేము.”

మేస్త్రీ సుత్తి కింద పెట్టి తల గోక్కున్నాడు.

“అద్దుకోండి, నాకేం. కానీ ఇది మనిషిని గుద్దితే పడ్డ సొట్ట కాదు డాక్టరమ్మా.”

“అంటే?”

“మనిషి తగిలితే రేకు వెడల్పుగా లోపలికి పోతుంది. ఇటు చూడండి. రంగున్నంతకాలం ఒకటే గుంటలా కనిపించింది. గీకాక ఐదు గుండ్రటి అచ్చులు బయటపడ్డాయి. ఎవరో పనిగట్టుకుని సుత్తితో కొట్టారు. అదీ చేతకాని చెయ్యి.”

డాక్టరమ్మ వేలు పెట్టి తడిమింది. ఎముక విరిగిన తీరు చూసి ఎలా విరిగిందో చెప్పే మనిషి. రేకు సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

నాన్నేనా? కాలు ఇంకెక్కడో విరగ్గొట్టుకుని, తోటి కూలీల చేత పెద్ద కారుకి సొట్ట పెట్టించి, ఆ తప్పు ఆవిడ మీదికి నెట్టాడా? తన చదువంతా ఆ అబద్ధం మీద లేచిందేనా?

అంతలోనే ఆవిడ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, ముగ్గుబుట్ట లాంటి జుట్టు, చేతిలో గొడుగు. కారుని చూడగానే, “ఒసేయ్, బతికే ఉన్నావా!” అని బానెట్ నిమిరింది.

డాక్టరమ్మ వెళ్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

“అమ్మగారూ, మీ మేలు మర్చిపోలేదని చెబుదామని పిలిచాను. ఇప్పుడు క్షమాపణ అడగాల్సొస్తోంది. మీ కారు మా నాన్నని గుద్దలేదు. మావాళ్లే సుత్తితో కొట్టి మిమ్మల్ని మోసం చేశారు.”

పెద్దావిడ బల్ల మీది మడ్గార్డ్ వైపు చూసింది. తర్వాత మేస్త్రీ వైపు చూసింది.

“కనిపెట్టింది నువ్వేనా? గట్టివాడివే!” అని పకపకా నవ్వింది. “కొట్టింది నేనే తల్లీ.”

“మీరా!”

“గుద్దింది లారీ. ఆగకుండా పోయింది. వెనకే నేను వస్తున్నాను. మీ నాన్నకి స్పృహ లేదు. ఆసుపత్రిలో తెలివొచ్చాక సాయం చేస్తానంటే, ఊరికే ఎవరి దగ్గరా పైసా ముట్టనన్నాడు. పిల్లని బడి మాన్పించేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన కంటపడకుండా కారుని వెనక ఆవరణలోకి తోలుకెళ్లి, పైపులు బాగుచేసే అతని దగ్గర సుత్తి లాక్కుని నా కారుని నేనే బాదాను. గుద్దింది నా కారే, నువ్వు పరిహారం పుచ్చుకోకపోతే నన్ను జైల్లో పెడతారు బాబూ అని ఏడ్చాను. అప్పుడు ఒప్పుకున్నాడు మొండిఘటం!”

డాక్టరమ్మ ఆ చేతులు ఇంకా గట్టిగా పట్టుకుంది.

బయట ఆటో ఆగిన చప్పుడైంది.

“ఆయనకి చెప్పావంటే చూడు!” పెద్దావిడ గబగబా అంది. “ఇన్నేళ్లు తలెత్తుకు తిరిగిన మనిషి. ఈ వయసులో దించుకోకూడదు. మేస్త్రీ, నువ్వు కూడా. ఏం?”

“నేనేం గీకలేదు, నేనేం చూడలేదు,” అన్నాడు మేస్త్రీ.

నాన్న కర్ర ఊతంతో లోపలికొచ్చాడు.

“కాలెలా ఉందండీ?” అంది పెద్దావిడ.

“బాగుందమ్మా.”

“నా డ్రైవింగే అలాంటిది. ఏం చెయ్యను!”

“పోనీలెండి. చూసుకోకుండా వచ్చేశారు. నేనేం మనసులో పెట్టుకోలేదు.”

డాక్టరమ్మ తండ్రి వైపు గుర్రుగా చూసింది.

“తాళాలియ్యి మేస్త్రీ, ఒక్క చుట్టు తిప్పొస్తాను,” అంటూ పెద్దావిడ స్టీరింగ్ ముందు కూర్చుంది. మేస్త్రీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. మడ్గార్డ్ లేక ఒక చక్రం బోసిగా ఉన్న కారు మెత్తగా షెడ్డులోంచి బయటికి జారింది.

కారు మలుపు తిరగ్గానే కూతురు తండ్రి మీద విరుచుకుపడింది.

“మనసులో పెట్టుకోలేదా? ఆవిడతో అనాల్సిన మాటేనా అది? ఒక్క దండమైనా పెట్టవేం నాన్నా?”

నాన్న బల్ల దగ్గరికెళ్లి సొట్టని అరచేత్తో మెల్లగా నిమిరాడు.

“పెడితే ఆవిడకి అనుమానం వస్తుందే.”

“ఏమని?”

“లారీ సంగతి నాకు తెలుసని.”

“తెలిసే పుచ్చుకున్నావా?” అంది కూతురు.

“ఊరికే ఇస్తే పుచ్చుకోనని, అంత అపురూపమైన కారుని పాడు చేసుకుంది. ఇంకా కాదంటే నేను మనిషినేనా?” అన్నాడు నాన్న. కారు వెళ్లిన దారి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “ఆవిడతో మాత్రం అనకు, చిన్నబుచ్చుకుంటుంది. ఆసుపత్రిలో నా మంచం కిటికీ పక్కనే వేశారే అమ్మడూ. కారు మీద ఒక్కో దెబ్బా వేస్తూ, ప్రతి దెబ్బకీ తనే ‘అబ్బా’ అనుకోవడం చూస్తూనే ఉన్నాను.”