అత్తమ్మ పలకని మాట

ఇలా నా పక్కకి జరిగి కూర్చో, పైడితల్లీ. మీ తాతమ్మ, అంటే మా అత్తమ్మ, ఎలా పోయిందో చెబుతాను.

ఆ రోజుల్లో యంత్రాలు ఎవరి గొంతునైనా అచ్చు దించేసేవి. కన్నకూతురి గొంతుతో ఫోన్‌లో ఏడ్చి ఇల్లు దోచేవి. అందుకని మా పేట లైబ్రరీలో ఒకమ్మాయి అందరినీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పేది. "ఏ కాగితంలోనూ లేని గుర్తుమాట ఒకటి ఇంటికి పెట్టుకోండి. మనవాళ్ల గొంతుతో ఫోన్ వస్తే ఆ మాట మూడుసార్లు అడగండి. చెప్పకుండా చుట్టూ తిప్పితే దొంగే, పెట్టేయండి" అంది.

మేము మామయ్య ముద్దుపేరు పెట్టుకున్నాం, అప్పన్న అని, సింహాచలం సామి పేరే. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్లయిన నాటి నుంచి ఆవిడ మొగుడి పేరు పలకలేదన్న సంగతి ఎవరికీ తోచలేదు.

వారం తిరక్కుండా బస్టాండు నుంచి ఆవిడ ఫోన్ వచ్చింది.

"ఓలే వరాలూ, గుండె పట్టేసిందే. బేగి రండి."

"ముందు మన మాట చెప్పండి, అత్తమ్మా."

"మీ మావ పేరు కదే!"

"అదే, ఏం పేరు?"

"సింహాచలం కొండ మీద సామి పేరే! నా నోట ఎలాగ అంటానే, గుంటా?"

ఆ కసురు అచ్చంగా ఆవిడదే. అయినా మూడోసారీ అడిగాను. ఆయాసం తప్ప ఏమీ వినపడలేదు. నేర్పినట్టే పెట్టేశాను.

సాయంత్రం పోలీసులు ఆవిణ్ణి బస్టాండు బెంచీ మీద నుంచి తీసుకొచ్చారు.

రేపు నీ ఇంటికీ మాట పెట్టుకుంటావు. ముందు అందరి చేతా దాన్ని ఒకసారి పైకి అనిపించు. ఎందుకని నీ పిల్లలు అడిగితే ఈ కథ చెప్పు. ఫోన్ పెట్టేసింది నేనేనని మాత్రం దాచకు.