అగ్గికిచ్చిన జెండా

"జెండా యాడుంది? తియ్యి!"

ఠాణా పెద్ద అమీన్ సాబ్ లాఠీతో మగ్గాన్ని ఒక్కటిచ్చాడు. మగ్గం గుంటలో కూర్చున్న ధర్మయ్య పైకి లేచాడు. నైజాం సర్కారులో ఇంట్లో మూడు రంగుల జెండా దొరికితే జైలే. ఈలోపు వెంట వచ్చిన జవాను బియ్యం కుండలోంచి దాన్ని లాగనే లాగాడు. గుట్ట మీద ఎండకూ వానకూ ఎగిరెగిరి పీలికలైన జెండా.

"వారీ, గిదా! ఠాణాల గచ్చు తుడ్సెతందుకు మస్తు పనికొస్తది," అన్నాడు అమీన్.

ధర్మయ్య జెండా వైపు చెయ్యి చాచాడు. భార్య రుక్కమ్మ గబుక్కున అడ్డమొచ్చి చేతులు జోడించింది.

"తుడ్సుకోండ్రి సాబ్, తొక్కుండ్రి. మమ్ముల దాన్ని అగ్గిల కాల్వమని మాత్రం అనకుండ్రి. మీ కాల్మొక్త, మా చేతులతోని కాల్వలేం!"

అమీన్ కళ్లు మెరిశాయి. ఎదుటివాళ్లు వద్దన్నదే ఆయనకు ముద్దు.

"గట్లనా? అయితే మీరే కాల్వాలె, నా ముంగటనే. లేకుంటే నీ మొగనికి బేడీలు."

రుక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే పీలికలు నేలకు తగలకుండా జెండాను చక్కగా మడతపెట్టింది. పొయ్యిలో కర్పూరం వేసింది.

"కర్పూరమేందే?"

"పాత బట్ట సాబ్, కంపు కొడ్తది. జర బూట్లు ఇడ్సి రాండ్రి, వంటిల్లు."

పూర్తిగా కాలిందో లేదో చూడాలి కదా! అమీన్ బూట్లు విడిచాడు. వంటింటి గుమ్మం పొట్టిది, తల కూడా వంచాడు. రుక్కమ్మ జెండాను మంటలో పెట్టింది. ధర్మయ్య కాళ్లు జోడించి నిటారుగా నిలబడ్డాడు. చివరి పోగు బూడిదయ్యేదాకా అలాగే ఉన్నాడు.

పోతూపోతూ అమీన్ మగ్గం దగ్గర ఆగాడు. "రెండంచులు రెండు రంగులు, గంగా జమున చీరెనా? మంచిగుంది. మా ఇంట్లకు గిట్లాంటిదే ఒకటి నెయ్యి," అని మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ధర్మయ్య పెళ్లాం వైపు తిరిగాడు. "చినిగిన జెండాను మర్యాదగ అగ్గికియ్యాలె గని, పొగ చూసి ఎవడన్న వస్తడేమో అని నిన్నటి సంది పరేషానైతుంటిమి గదనే!"

"ఏం పరేషాన్? బూట్లిడ్సి, తల వంచి అమీన్ సాబే సాగనంపె," అంది రుక్కమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇగ కానియ్యయ్యా. కాషాయం అంచయింది, పచ్చంచయింది, నడుమ చక్రమొక్కటే తక్కువ."