దారాలు కత్తిరించే పని

"మిషను మీద దుప్పటి కప్పు! మా మేనేజరు మెట్లెక్కుతున్నారు," అన్నారు మా ఆయన, నేను కుట్టిన సంచుల్ని కాలితో మంచం కిందకి తోస్తూ.

"ఇవి సాయంత్రానికి కొట్లో ఇవ్వాలండీ."

"నీ సంచుల గోల ఆపు. నన్ను మళ్ళీ పనిలోకి పిలవడానికే వస్తున్నారు. పెళ్ళాం కుట్టుపని మీద బతుకుతున్నానని తెలిస్తే ఇంకేం విలువుంటుంది?"

ఆర్డర్లు పడిపోయాయని ఈయన్ని కంపెనీలోంచి తీసేసిన మేనేజరే ఆయన. మా ఆయన కుర్చీ తుడిచి, పక్కన నిలబడ్డారు.

మేనేజరు కూర్చోలేదు. "నన్నూ తీసేశారయ్యా," అని నా వైపు తిరిగాడు. "అమ్మా, మీరు సంచులు కుడుతున్నారని కొట్టాయన చెప్పాడు. నాకేమైనా పని ఇస్తారా?"

మా ఆయన మొహం పాలిపోయింది. మరుక్షణం తనే ఆ కుర్చీలో కూర్చుని కాలు మీద కాలేసుకున్నారు.

"మార్కెట్ బాగాలేదు. ప్రస్తుతానికి ఖాళీల్లేవు. ఉంటే కబురు చేస్తాం."

ఈయన్ని పంపించేటప్పుడు ఆ మేనేజరు అన్న మాటలే అవి. రోజూ తలుచుకుని తిట్టుకుంటుంటే బాధపడుతున్నారనుకున్నాను. వల్లె వేస్తున్నారన్నమాట.

"ఖాళీ ఉందండీ," అన్నాను మేనేజరుతో. "కుట్టిన సంచులకి దారాలు కత్తిరించాలి. ఈయన్ని చెయ్యమంటే నామోషీ అన్నారు."

మేనేజరు చొక్కా చేతులు మడిచి చాప మీద కూర్చున్నాడు. కత్తెర అందించాను.

"మరి నేనేం చెయ్యను?" అన్నారు మా ఆయన.

"ఆ కుర్చీ కాస్త పక్కకి జరుపుకోండి. ఆయనకి వెలుతురు రావట్లేదు."