పాజిటివ్ రావాలని మొక్కు

గోత్రం, పేరు చెప్పి, "రిపోర్టు పాజిటివ్ రావాలని అర్చన చేయండి" అన్నాను. పూజారిగారి చేతిలో కుంకుమ ఆగిపోయింది.

"నెగెటివ్ కదమ్మా రావాల్సింది?"

"కాదండీ. పాజిటివే."

మా తమ్ముడు విష్ణువర్ధన్ మెదడులో రక్తనాళాలు వాచాయని డాక్టర్ల అనుమానం. వెన్నులోంచి తీసిన నీటిలో ఆ వాపు తాలూకు ఇమ్యూన్ మార్కర్లు కనబడితే మందులతో వైద్యం మొదలుపెడతారట. కనబడకపోతే పుర్రె తెరిచి చిన్న ముక్క తీసి చూడాల్సిందే.

ప్రసాదం పట్టుకుని జనక్‌పురిలో మెట్రో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళాను. గుళ్ళో ఏమని మొక్కానో వాడితో చెప్పాను.

"ఇంత పెద్ద ఢిల్లీలో తమ్ముడికి జబ్బుండాలని మొక్కే అక్కవి నువ్వొక్కదానివే" అని నవ్వాడు.

"జబ్బు ఎలాగూ ఉంది కదరా. అదేమిటో తెలియాలని మొక్కాను."

అంతలో డాక్టరమ్మ రిపోర్టు పట్టుకుని వచ్చింది. "మార్కర్స్ మిల్ గయే. ఆపరేషన్ కీ జరూరత్ నహీ. దవాయీ ఆజ్ సే షురూ." మార్కర్లు కనబడ్డాయి, ఆపరేషన్ అక్కర్లేదు, మందులు ఇవాళే మొదలు.

విష్ణు కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. డాక్టరమ్మ వెళ్ళిపోయినా వదల్లేదు. యాభై దగ్గరపడ్డ మనిషి, బడికి మొదటిరోజు వెళ్ళే పిల్లాడిలా పట్టుకున్నాడు.

కాసేపటికి తేరుకుని అడిగాడు. "ఇంతకీ దేవుడికి ఏమిస్తానని మొక్కావక్కా?"

"నీ తలనీలాలు."

వాడి చెయ్యి చటుక్కున నెత్తిమీదికి వెళ్ళింది.

"అక్కా! ఆపరేషన్ చేసినా సగం గుండుతో పోయేది కదే!"