రెండు చివర్ల పేరు

“తప్పు,” అన్నాడు దుర్గేష్, చేతిలో పెన్ను టేబుల్ మీద పడేసి.

ధాత్రి తలెత్తింది. “తప్పు కాదండీ.”

పంజాగుట్టలో ఆ ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. గదిలో ఏసీ బాగానే పనిచేస్తోంది గానీ, ఎదుట కూర్చున్నవాళ్లకి మంచినీళ్లిచ్చే అలవాటు మాత్రం లేదు. దుర్గేష్ ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో అమీర్‌పేట హాస్టళ్లలో అందరికీ తెలుసు. లోపలికెళ్లినవాళ్లు పది నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. కొందరు కళ్లు తుడుచుకుంటూ వస్తారు.

ధాత్రి వచ్చి ఏడు నిమిషాలైంది.

రాగానే ఆమె పెన్నుతో నింపి ఇచ్చిన అప్లికేషన్‌ని అతను రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. “రైటింగ్ మస్తున్నది. లోపల సరుకుందో లేదో చూద్దాం,” అని పక్కన పడేశాడు. మెచ్చుకున్నా గుచ్చకుండా మెచ్చుకోలేని మనిషి.

తర్వాత ప్రశ్న వేశాడు. ఈ ఆఫీసు మెషిన్ నుంచి ముంబై ఆఫీసు మెషిన్‌కి మెసేజ్‌లు వెళ్లాలి. అవి ముందు ఇక్కడ ఒక క్యూలో నిలబడతాయి. తర్వాత చానెల్ అనే దారి పట్టుకుని ముంబైలోని క్యూకి చేరతాయి. ఇదంతా ఎలా పెడతావో చెప్పమన్నాడు. ధాత్రి తడుముకోకుండా చెప్పుకుంటూ చానెల్ దాకా వచ్చింది.

“చానెల్‌కి ఈ చివరా ఆ చివరా ఒకటే పేరుండాలి సార్. ఒక్క అక్షరం తేడా వచ్చినా అవతలి మెషిన్ కలవదు. మెసేజ్‌లన్నీ ఇక్కడే పేరుకుపోతాయి.”

అతను తప్పన్నది దీన్నే.

ఇంతకు ముందు మూడు ఇంటర్వ్యూలు ధాత్రికి సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే పోయాయి. ముగ్గురూ ఇలాగే తప్పని కొట్టిపారేశారు. అమీర్‌పేటలో కోర్సు చేసి, మూడేళ్లు ఇదే పని చేసిన మనిషి ఆమె. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజంతా మెసేజ్‌లు కదలక, మేనేజరు చేత నానా చీవాట్లూ తిని, ఈ పేరు సంగతి నేర్చుకుంది. ఆ కంపెనీ మూతపడి ఐదు నెలలైంది. ఈ ఉద్యోగం కూడా రాకపోతే నెలాఖరుకి హాస్టల్ ఖాళీ చేసి సొంతూరు తణుకు బస్సెక్కాలి. తనకొచ్చిన పనికి అక్కడ చోటు లేదు.

ఊరంతటికీ ఈ తప్పు నూరిపోసిన మహానుభావులెవరో గానీ, దొరికితే చెంప పగలగొట్టాలని ఆమెకి కసిగా ఉంది.

“రెండు దిక్కుల వేరే వేరే పేర్లుండాలె,” అన్నాడు దుర్గేష్. “గింత చిన్న ముచ్చట తెల్వకుండ మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ అని రాసుకొచ్చినవ్. యాడ కొన్నవ్ గీ ఎక్స్‌పీరియన్స్?”

“కొనలేదండీ. పక్క గదిలో మెషిన్లున్నాయిగా. ఐదు నిమిషాలివ్వండి, పెట్టి చూపిస్తాను.”

“నాకు చూపిస్తవా?”

“మీరెప్పుడైనా సొంతంగా పెట్టారా సార్?”

అది అడగకుండా ఉండాల్సింది. దుర్గేష్ ముఖం నల్లబడింది. అతనెప్పుడూ పెట్టలేదు. చానెళ్లన్నీ ముంబైవాళ్లే పెట్టారు. అయిందా అని ఇతను మెయిల్ పెట్టాడంతే.

విసురుగా సొరుగు లాగి, స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ పుస్తకం ఒకటి తీశాడు. అంచులు నలిగిపోయాయి. అట్ట మీద ‘బాబూ మియా జిరాక్స్, అమీర్‌పేట’ అని ముద్ర ఉంది.

అమీర్‌పేట కంప్యూటర్ కోచింగ్ సెంటర్లలో పొద్దున ఆరు గంటల బ్యాచ్‌లో సగంమంది కునికిపాట్లు పడుతుంటారు. అందుకని పాఠం విన్నా వినకపోయినా అందరూ ఎవరో క్లాసులో రాసుకున్న రన్నింగ్ నోట్స్ కొంటారు. బ్యాచ్‌లో ఎవరి రాత శుభ్రంగా ఉంటే వాళ్ల నోట్సుకి జిరాక్స్ షాపువాడు ఒక కాపీ ఎక్కువ తీసి దాచుకుంటాడు. ఆ కాపీకి కాపీలు ఏళ్ల తరబడి అమ్ముడుపోతాయి. పేరు మాత్రం ఎవరిదీ ఉండదు.

“గిది సదివే నేను జాబ్ కొట్టిన,” అన్నాడు దుర్గేష్. “గీ బిల్డింగ్‌ల ఇంకో పదిమంది సుత కొట్టిన్రు. ఎవరో అమ్మాయి రాసిందంట. దొరికితే కాళ్లు మొక్కుత. నువ్వు ఆమెకంటె ఎక్కువనా?”

నలభై ఏడో పేజీ తీసి, పుస్తకాన్ని అప్లికేషన్ పక్కకి తోశాడు. “సదువు.”

ధాత్రి చదివింది. చానెల్ పేర్లు రెండు చివర్లా వేరువేరుగా ఉండాలని ఇంగ్లీషులో రాసి ఉంది. చివరి అక్షరం దగ్గర్నుంచి పెన్ను గీత ఒకటి వంకరటింకరగా పేజీ అడుగుదాకా జారిపోయింది.

“చూసినవా? మస్తు ఇంపార్టెంట్ గాబట్టే గంత పొడుగు గీత గీసింది. ఇప్పుడేమంటవ్?”

ధాత్రి చూపు పుస్తకం మీంచి అప్లికేషన్ మీదికి వెళ్లింది. మళ్లీ పుస్తకం మీదికి వచ్చింది. చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి పోయింది.

దుర్గేష్ అప్లికేషన్ మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాడు.

“ఇగ పో. పోయి బాబూ మియా దగ్గర గీ నోట్స్ కొనుక్కో. గామె రాసింది రాసినట్టు బట్టీ కొట్టి, అప్పుడు రా.”

టేబుల్ మీద పక్కపక్కనే ఉన్న ఆ పుస్తకంలోనూ అప్లికేషన్‌లోనూ చేతిరాత ఒక్కటే.