కళాయికిచ్చిన చెంబు

"చెంబు కళాయికిచ్చి ఇన్నాళ్ళయింది, ఇంకా తేలేదేంటండి?" అని సంపూర్ణమ్మ మొగుణ్ణి గుమ్మంలోనే నిలేసింది.

కళాయి వేసేవాడు బావమరిది పెళ్ళికి వెళ్ళాడనీ, వచ్చాక గాని పని తెమలదనీ పల్లంరాజు నమ్మబలికాడు. ఆవిడ రెట్టించలేదు. చెల్లెలు వీరవేణి ఇంటికి బయల్దేరింది. వీరవేణి కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ పిల్లతో కబుర్లంటే ఈవిడకి ప్రాణం. ఈమధ్య రోజూ అక్కడే మకాం. అదీ మంచికేలే అనుకుని పల్లంరాజు స్కూటరెక్కి భీమవరంలో నెట్ సెంటర్ ముందు దిగాడు.

కళాయి లేదు, పాడూ లేదు. చెంబు ఆ సెంటర్ బీరువాలోనే భద్రంగా ఉంది. సంపూర్ణమ్మ పుట్టింటి సారెలో తెచ్చుకున్న ఇత్తడి మరచెంబది. పాత సామాన్లు ఇంటర్నెట్‌లో వేలానికి పెడితే పట్నంవాళ్ళు ఎగబడి కొంటున్నారని ఎవరో చెవిన వేశారు. ఆ డబ్బుతో కెమెరా ఫోను కొనుక్కోవాలని రాజుగారి సరదా. ఉత్త పాత చెంబంటే ఎవరు చూస్తారని, "జమీందారీ కాలం నాటి అపురూప వస్తువు" అని సెంటర్ నడిపే గంగాధర్ చేత ఫోటోల కింద ఇంగ్లీషులో రాయించాడు.

గిరాకీ బాగానే తగిలింది. అందులో ఒక బేరగాడు మహా గట్టివాడు. ఎవరెంత పాడినా వాళ్ళ మీద పాడుతున్నాడు. కాకపోతే మనిషికి ఆరాలెక్కువ.

చెంబు మీద చెక్కిన పేరు, సూర్యకళ, ఆవిడెవరని ఆ రోజు అడిగాడు. ఆవిడ సాక్షాత్తూ పల్లంరాజు అత్తగారు. తణుకు దగ్గర ఇప్పటికీ నిక్షేపంగా గేదెల పాలు పితుకుతోంది. గొప్ప జమీందారిణి అని జవాబు కొట్టించాడు పల్లంరాజు. అత్తగారికి ఇంత హోదా తనవల్లే వచ్చిందని ముచ్చటపడ్డాడు కూడా.

మర్నాడు, అంచు కింద ఆ సొట్టేమిటని అడిగాడు. జమీందారిణిగారు గుర్రబ్బండిలో వెళుతుంటే జారిపడిందన్నాడు పల్లంరాజు. గంగాధర్ నవ్వాపుకోలేకపోయాడు.

"కాస్త చూసుకుని రాయించండి రాజుగారూ, పట్టుబడితే బాగోదండి."

"వాడేమన్నా చూడొచ్చాడేంటయ్యా? కొట్టు."

వేలం ముగిసే రోజు రానే వచ్చింది. చెన్నై ఆసామి ఒకడు చాలాసేపు పోటీపడి తప్పుకున్నాడు. మిగిలింది ఆ ఆరాల మనిషే. ఆఖరుగా మళ్ళీ ఒక ప్రశ్న పంపాడు. ఇంట్లో ఆడవాళ్ళకి తెలిసే అమ్ముతున్నారా, తరవాత గొడవలేమీ రావు కదా అని.

పల్లంరాజు గతుక్కుమన్నాడు. ఒక్క క్షణం సంపూర్ణమ్మ మొహం కళ్ళముందు మెదిలింది. నిజం చెబితే చేతిదాకా వచ్చిన ఫోను జారిపోతుంది. మా ఆవిడే పోరుపెట్టి అమ్మిస్తోందని రాయించాడు.

కాసేపటికి వేలం ముగిసింది. చెంబు ఆ మనిషికే పోయింది. పల్లంరాజు హుషారుగా గంగాధర్‌కి టీ తెప్పించి, పార్సెల్ ఎక్కడికి పంపాలో చూడమన్నాడు. గంగాధర్ తెర మీద చిరునామా చదివి గొంతు సవరించుకున్నాడు.

"ఊరు మీ ఊరేనండి. వీధి కూడా మీదే. ఇంటి నంబరు..."

పల్లంరాజు టీ గ్లాసు పక్కనపెట్టి తెర మీదకి వంగాడు. చిరునామా కింద, ఈసారి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలున్నాయి.

"సొట్ట గుర్రబ్బండి వల్ల పడింది కాదండి, అన్నవరం మెట్ల మీద మీ చేతిలోంచి జారినప్పుడు పడింది. జమీందారిణిగారు పొద్దుటి బస్సుకే దిగి మీకోసం అరుగు మీద కూర్చున్నారు, కళాయి అయిపోయుంటే చెంబు పట్టుకుని వచ్చేయండి."